వంటింటి వరకే భార్యని

నమోదు 1
గది: ఇటలీ. రాస్తున్నవారు: వకుళ. స్థితి: పౌర భాగస్వామి.

ప్రమాదం చూసినవాళ్ళు లాగ్ రాయాలని స్టేషన్ నియమం. అందుకని రాస్తున్నాను. లేకపోతే నాకు రాతంటే మహా బద్ధకం. పైనున్న వరుస మాత్రం నేను రాసింది కాదు. నేను ఏ గదిలో కూర్చుని లాగ్ తెరిస్తే ఆ గది పేరూ, ఆ గదిలో నేనెవరినో స్టేషనే వేసేస్తుంది. మా అందరి ఛాతీ మీదా ఒక బిళ్ళ ఉంటుంది, దాన్ని చూసి తెలుసుకుంటుంది.

ఇవాళ పొద్దున బల్గేరియా గదిలో నేనూ స్మరాండా నీళ్ళ డ్రమ్ములు సర్దుతున్నాం. అది సామాన్ల గది. ఒక డ్రమ్ము పట్టీ ఊడింది. ఇక్కడ దేనికీ బరువుండదు కాబట్టి దెబ్బ తగలదని కింద భూమ్మీదివాళ్ళు అనుకుంటారు. బరువు పోయినా దాని మొండితనం దానికుంటుంది, కదిలిందంటే గోడకి తగిలేదాకా ఆగదు. గోడకీ దానికీ మధ్య స్మరాండా ఉంది. తుంటి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

తనని లాక్కుంటూ వైద్యశాల దాకా తేలుకుంటూ వెళ్ళాను. అది రుమేనియా వాళ్ళు కట్టిన గది. స్మరాండా పుట్టిందీ ఆ దేశంలోనే. తలుపు మీది తెర "రోగికి మీరేమవుతారు?" అని అడిగింది. భార్యనన్నాను. "ఆ సంబంధం ఈ గదిలో లేదు. మరొకటి చెప్పండి" అంది. తన పెదాలు తెల్లబడిపోతున్నాయి, తెరతో వాదించే వేళ కాదు. సహోద్యోగినని చెప్పాను. తలుపు తనని లోపలికి తీసుకుని నన్ను బయట ఉంచి మూసుకుంది.

కొత్తగా పైకి వచ్చినవాళ్ళకి ఇది అర్థం కాదు. యూరప్ దేశాలు తలా ఒక గది కట్టి అతికిస్తే ఈ స్టేషన్ అయింది. ఒప్పందం మీద సంతకాలు చేసిన నాడు ఏ దేశంలో ఏ చట్టం ఉందో, ఆ దేశం కట్టిన గదిలో ఈనాటికీ అదే. మార్చాలంటే అన్ని దేశాలూ ఒక్కసారే సంతకం పెట్టాలి. పైనున్న ఇరవై ముప్పై మంది కోసం ఎవరికంత తీరిక? అందుకని నేనూ స్మరాండా హాలండ్ గదిలో దంపతులం. మా పెళ్ళి జరిగిందక్కడే, నీళ్ళు వడగట్టే యంత్రం పక్కన. ఇలాంటి పెళ్ళికి లోకంలో మొట్టమొదట తలుపు తీసిన దేశం కాబట్టి అక్కడే చేసుకుందామని తను పట్టుబట్టింది. గ్రీసు వాళ్ళ వంటింట్లోనూ దంపతులమే. ఇటలీ వాళ్ళ పడకగదికి వచ్చేసరికి భార్యలం కాదు, పౌర భాగస్వాములం. సామాన్ల గదిలోనూ వైద్యశాలలోనూ మేం ఒకరికొకరం ఏమీ కాము.

ఇన్నాళ్ళూ దీని మీద జోకులేసుకుని నవ్వుకున్నాం. ఇవాళ నవ్వు రావడం లేదు.

నమోదు 2
గది: గ్రీసు. రాస్తున్నవారు: వకుళ. స్థితి: వివాహిత.

వైద్యశాలకి ఆనుకుని ఉన్నది ఈ వంటిల్లే. రెంటికీ మధ్య ఒక్క గుండ్రటి తలుపు. డాక్టర్ లుచియా కాఫీ కోసం ఎలాగూ ఇటు వస్తుందని పొద్దుటి నుంచి ఇక్కడే కాపు కాశాను. మధ్యలో ఊరుకోలేక కందిపప్పు పొట్లాలు వేడిచేశాను, గాలి జల్లెడలు దులిపాను, చెమ్చాలన్నీ అయస్కాంతం పట్టీకి వరసగా అంటించాను.

లుచియా వచ్చింది. మంచి మనిషే, మా పెళ్ళిలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా. కాఫీ సంచీ నోట్లో పెట్టుకోగానే అడిగాను.

"డాక్టర్, ఇది గ్రీసు గది. ఇక్కడ నేను తన భార్యని. ఎలా ఉంది?"

"నిలకడగా ఉన్నారు."

"నిలకడంటే?"

"సహోద్యోగులకి నేను చెప్పగలిగింది అంతే వకుళా."

"ఇక్కడ సహోద్యోగిని కాదంటున్నాగా!"

ఆవిడ కళ్ళు దించుకుంది. "నేను ఎక్కడ కాఫీ తాగుతున్నానో చట్టం చూడదు. రోగి ఎక్కడుంటే అక్కడి చట్టమే. ఆమె లోపల ఉంది. లోపల ఆమెకి మీరు ఎవరూ కారు. నోరు జారితే నా పట్టా పోతుంది. ఈ స్టేషన్‌లో ఉన్న డాక్టర్ని నేనొక్కదాన్నే. నేను పోతే ఆమెని చూసేవాళ్ళు కూడా ఉండరు."

ఒక్కటి మాత్రం చెప్పింది. కదిలితే నొప్పి భరించలేదని నిద్రలో ఉంచిందట. అది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి చెప్పొచ్చట. కాఫీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది, పొద్దు గడిచేది.

నమోదు 3
గది: హాలండ్. రాస్తున్నవారు: వకుళ. స్థితి: వివాహిత.

స్మరాండా వాళ్ళ అన్నయ్య వసీలె ఇవాళ కింద నుంచి మాట్లాడాడు. రుమేనియాలో క్లూజ్ అనే ఊళ్ళో ఉంటాడు. వైద్యశాల లెక్కలో తనకి ఉన్న ఒకే ఒక బంధువు ఆయన. తనకేమైందో డాక్టర్ ఆయనకి అంతా చెప్పింది. నాకూ స్మరాండాకీ మధ్య ఒక తలుపు. ఆయనకీ తనకీ మధ్య ఆకాశం. అయినా ఆయనే దగ్గరివాడు.

"చెల్లెల్ని కిందికి తెప్పించుకుంటున్నాను వకుళా" అన్నాడు. "కిందికి దింపే పడవ పైకి వస్తోంది. సంతకం పెట్టేశాను."

"నన్నడగకుండా?"

"నిన్నడగాలని నాకూ ఉంది. ఇక్కడ ఈ దేశంలో చట్టం మారి చాలా ఏళ్ళయింది. కింద నువ్వు దాని భార్యవే, మా ఇంట్లోనూ ఎవరికీ అభ్యంతరం లేదు. మీ పై గదిలోనే ఇంకా పాత కాలం నడుస్తోంది. వాళ్ళు నన్ను అడిగారు, నేను ఊఁ అన్నాను. డాక్టర్ చెప్పినవి ఎవరికీ చెప్పనని కూడా రాయించుకున్నారు. నువ్వూ దానితో పాటు వచ్చెయ్యి."

"నేను రాలేను."

ఆ సంగతి ఆయనకీ తెలుసు, నోటికొచ్చి అనేశాడంతే. నేను పైకి వచ్చి చాలా కాలమైంది. బరువు లేని చోట గుండె మెల్లమెల్లగా బద్ధకిస్తుంది. కిందికి దిగేటప్పటి ఒత్తిడికి నా గుండె ఆగిపోతుందని పోయినేడు పరీక్షలో తేల్చేశారు. ఇక నేను పైమనిషినే. స్మరాండా నా తరవాత వచ్చింది, తన గడువు అయిపోయినా నాకోసమే ఉండిపోయింది. తనింకా దిగగలదు. దిగితే మాత్రం డాక్టర్లు మళ్ళీ పైకి పంపరు, ఎముక విరిగినవాళ్ళని ఎవరూ పంపరు.

అంటే ఆ పడవ ఎక్కితే తను మళ్ళీ నాకు కనపడదు. వసీలె మీద అరిచాను. మీ చెల్లెలు మీకు అప్పగించిన సామాను కాదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన అన్నీ విని "నువ్వు ఏమన్నా నేను పడతాను" అన్నాడు. అంత మర్యాదగా అంటే ఇంక దెబ్బలాట ఏం సాగుతుంది!

నాకు కావలసింది ఒక్కటే. తనని పంపొద్దని చెప్పే హక్కు. ఇక్కడే ఉంచి వైద్యం చేయండి అని చెప్పే హక్కు. ఈ గదిలో ఆ హక్కు నాకుంది, కానీ ఈ గదిలో వడపోత యంత్రం తప్ప వినేవాళ్ళు లేరు.

నమోదు 4
గది: ఇటలీ. రాస్తున్నవారు: వకుళ. స్థితి: పౌర భాగస్వామి.

మా పడక సంచీలు రెండూ గోడకి పక్కపక్కన కట్టి ఉంటాయి. తనది ఖాళీగా ఉంటే గాలికి ఊగుతూ నన్ను తాకుతోంది. విప్పి చుట్టేద్దామనుకున్నాను. చుట్టేస్తే ఇంకా ఖాళీగా కనిపిస్తుందని వదిలేశాను. ఇక్కడ నా భాషలో నన్ను తిట్టేది తనొక్కతే. నేర్చుకున్నదే నాలుగు ముక్కలు, ఆ నాలుగూ తిట్లే. "చాల్లే సంబడం" అని తను అనకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండదు. నాకు చాలా ఒంటరిగా ఉంది. రాయడానికి సిగ్గెందుకు, అదే నిజం.

గవర్రాజు గారు వచ్చారు. ఆయనది అమలాపురం, స్టేషన్‌లో తలుపుల పనంతా ఆయనదే. మా పెళ్ళిలో ఆడపెళ్ళివారి తరఫున పెద్దరికం వహించి, "ఇద్దరూ పెళ్ళికూతుళ్ళే అయితే కాళ్ళు ఎవరు కడిగించుకోవాలమ్మాయ్?" అని తెగ బాధపడ్డారు. చివరికి నీళ్ళు తేలిపోతాయి కాబట్టి ఎవరికీ కడగక్కర్లేదని ఆయనే తీర్పు చెప్పారు.

"పప్పు తెచ్చాను, తిను" అన్నారు.

"ఆకలి లేదండి."

"నువ్వు తిండి మానేస్తే ఆవిడ తుంటి అతుకుద్దా ఏంటి? తినమ్మా. రేపు నాకు బోల్డంత పనుంది, నిన్ను బతిమాలుతూ కూర్చోలేను."

"ఏం పని?"

"వైద్యశాల తలుపు అంచు రబ్బరు తుడవాలి. అది తుడిచేటప్పుడు తలుపు తెరిచే ఉంచుతాం గదా, కింది ఆఫీసు నుంచి ఒకటే గోల. తొందరగా కానీ, తొందరగా కానీ అని."

నేను తినడం ఆపేశాను. తలుపు తెరిచే ఉంటుంది. అటు వైద్యశాల, ఇటు వంటిల్లు. రోగి ఎక్కడుంటే అక్కడి చట్టమని లుచియా చెప్పింది. రోగి ఎక్కడున్నదీ స్టేషన్‌కి తెలిసేది ఛాతీ మీది బిళ్ళతో. బిళ్ళ గడప దాటితే చాలు, కాళ్ళు ఎక్కడున్నా ఎవడిక్కావాలి?

ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు బుగ్గ గోక్కున్నారు.

"అంటే ఆవిడ పడుకున్న బల్లని నా తలుపులో అడ్డంగా పెడతావా?"

"సగం ఇటు, సగం అటు. గొట్టాలు అందేంత దూరమే."

"ఏదైనా జరిగి తలుపు మూయాల్సొస్తే?"

"మీరుంటారుగా."

"నాకు ఉన్న ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నావు" అన్నారు. ఆ తరవాత, "డాక్టరమ్మ ఒప్పుకుంటదా?" అన్నారు.

నమోదు 5
గది: గ్రీసు. రాస్తున్నవారు: వకుళ. స్థితి: వివాహిత.

డాక్టరమ్మ ఒప్పుకుంది. నేను తలుపు అవతల నుంచి అడిగితే ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "గొట్టాలు మూరెడు సాగుతాయి" అంది. ఆవిడ ముందే కొలిచి పెట్టుకుందని అప్పుడు అర్థమైంది.

గవర్రాజు గారు తలుపు తెరిచి, రబ్బరు తుడుస్తున్నట్టు కింది ఆఫీసుకి చెప్పారు. లుచియా లోపల నుంచి బల్లని తోసింది. ముందు తల వచ్చింది. జుట్టు ఒక జాలీలో కట్టి ఉంది, మొహం పాలిపోయింది. భుజాలు వచ్చాయి. ఛాతీ గడప దాటగానే వంటింటి తెర మీద వెలుగొచ్చింది. స్మరాండా. స్థితి: వివాహిత. భార్య: వకుళ.

ఆ మాట చూసి గవర్రాజు గారు ముక్కు చీదుకున్నారు. నేను తన చెయ్యి పట్టుకున్నాను. ఇన్ని రోజుల్లో తనని తాకడం అదే మొదటిసారి. చెయ్యి కాలిపోతోంది.

లుచియా కూడా మెడ ఇటు చాపింది. "ఇప్పుడు మీరు అడగొచ్చు. అడగండి" అంది. ఎన్నాళ్ళ నుంచో ఆ మాట కోసం ఎదురుచూస్తున్నదానిలా అంది.

వద్దు, పంపొద్దు, ఇక్కడే వైద్యం చెయ్యండి అని చెప్పడానికి మాటలన్నీ కూడబెట్టుకుని ఉన్నాను. ముందు ఎలా ఉందో అడుగుదామనుకున్నాను. అడిగాను.

"ఇక్కడ ఎముక అతకదు వకుళా. మీద బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది, ఇక్కడ పడే బరువేముంది? లోపల చీము పట్టింది. మందిస్తే తగ్గుతోంది, రెండో రోజుకి మళ్ళీ పెరుగుతోంది. ఇప్పుడు రక్తంలోకి ఎక్కింది."

"ఇక్కడే ఉంటే?"

"నెల దాటదు."

"కిందికి వెళ్తే?"

"ఆపరేషన్ చేస్తారు. నడుస్తుంది. అందరూ బతికినట్టే బతుకుతుంది."

తలుపు రబ్బరు వాసన వస్తోంది. లుచియానే మళ్ళీ అంది. "వాళ్ళన్న సంతకం ఉంది. కానీ భార్య ఉన్నచోట అన్న సంతకం చెల్లదు. మీరు వద్దంటే పడవని ఇప్పుడే వెనక్కి తిప్పిస్తాను. ఈ క్షణం నుంచి మీ మాటే చట్టం."

నా మాటకి అంత బలం వచ్చేసరికి నా నోరు పడిపోయింది. నిన్నటిదాకా నేనెవరినీ కాను. ఎవరినీ కానప్పుడు అరవడం ఎంత తేలిక! వసీలె మీద అరిచాను, తెర మీద అరిచాను, యూరప్‌లో ఉన్న దేశాలన్నింటినీ పేరుపేరునా తిట్టాను. నన్నడగలేదు, నన్నడగలేదు అని ఏడ్చాను. ఇప్పుడు అడిగారు.

స్మరాండాని లేపి అడగమంటే తనేమంటుందో నాకు తెలుసు. "చచ్చినా నీ దగ్గరే" అంటుంది. అంటుంది, అన్నట్టే చస్తుంది. గడువు అయిపోయినప్పుడు కూడా నేను వెళ్ళమన్నాను, తను వినలేదు. ఆ రోజు తను వినకపోతే నేను లోపల్లోపల ఎంత సంతోషించానో తనకి తెలియదు.

తన చెవి దగ్గర మొహం పెట్టి చెప్పాను, ఈసారి నీ మాట వినను అని. నిద్రలో ఉంది, విందో లేదో.

"పంపించండి" అన్నాను లుచియాతో.

ఆవిడ సంతకాల పలక చాపింది. బొటనవేలు పెట్టాను.

"అమ్మాయ్," అన్నారు గవర్రాజు గారు మెల్లగా, "కింద నుంచి అడుగుతున్నారు, రబ్బరు పనైందా అని. ఇంకాసేపు పడుద్దని చెప్పనా?"

"చెప్పండి" అన్నాను. ఆయన రబ్బరులో ఎక్కడా లేని మురికిని ఎంతసేపు తుడిచారో నాకు తెలియదు. అంతసేపూ నేను తన చెయ్యి పట్టుకునే ఉన్నాను.

నమోదు 6
గది: గ్రీసు. రాస్తున్నవారు: వకుళ. స్థితి: వివాహిత.

పడవ వచ్చి వైద్యశాల అవతలి వైపు తగులుకుంది. అది బయల్దేరేటప్పుడు లోపల రోగి, డాక్టరు, బంధువులు తప్ప ఎవరూ ఉండకూడదు. నేను వంటింట్లో ఉన్నాను. తలుపులో చిన్న గాజు అద్దం ఉంది, చిప్పంత. దాంట్లోంచి చూశాను.

ముందు స్మరాండా పాదాలు పడవలోకి వెళ్ళాయి, తరవాత మిగతా అంతా. తన పాదాల పైభాగం నాలాగే కాయలు కాసి ఉంది. ఇక్కడ నిలబడాలంటే పాదాలు కమ్మీల కింద దూర్చుకోవాలి కదా, అందరికీ పైన కాస్తాయి. కింద నడక మొదలుపెడితే అవి పోయి అరికాళ్ళకి వస్తాయి. మంచిదే.

లుచియా ఒక్కసారి తిరిగి అద్దం వైపు చూసింది. ఆ గదిలో ఆవిడ నాకేమీ చెప్పకూడదు. ఏమీ చెప్పలేదు. స్మరాండా పోతున్న పడవ వైపు నన్ను చూడమన్నట్టు పక్కకి జరిగింది, అంతే. పడవ ఊడినప్పుడు స్టేషన్ కాస్త అదిరింది. పొయ్యి పక్కన అంటించిన చెమ్చాలు గలగలమన్నాయి.

అన్నం తిన్నాను. గవర్రాజు గారు ఎదురుగా కూర్చుని తినేదాకా కదల్లేదు. ఆయన చెయ్యి తుడుచుకోవడానికి వెళ్ళాక మాత్రం ఏడ్చాను. ఇక్కడ కన్నీళ్ళు జారవు, కంటి మీదే ఉండలా పేరుకుంటాయి. గుడ్డతో అద్దుకోవాలి.

నమోదు 7
గది: గ్రీసు. రాస్తున్నవారు: వకుళ. స్థితి: వివాహిత.

ఆపరేషన్ బాగా జరిగిందని వసీలె చెప్పాడు. తను లేచిందట, ముందు నన్ను తిట్టిందట. ఏమని తిట్టిందో ఆయనకి అర్థం కాలేదు, తెలుగు కదా. ఆ తరవాత గోడ వైపు తిరిగి పడుకుందట, ఎవరితోనూ మాట్లాడదట. నాతో మాట్లాడమంటే ఇప్పుడు కాదందట. అననీ. కోపం తగ్గడానికి తనకి కాలం ఉంది, అది నేనే ఇప్పించాను.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఒక నర్సు, గొంతును బట్టి చిన్నదేం కాదు, కాస్త ఆయాసపడుతూ మాట్లాడుతోంది. ఎన్ని మెట్లెక్కి వచ్చిందో.

"స్మరాండా గారి భార్యేనా మాట్లాడేది?"

"అవును" అన్నాను. ఏ గదీ అడ్డు చెప్పలేదు.

"కాగితాల్లో మీ నంబరే ఉందమ్మా, అందుకని చేశాను. ఈ వారం నుంచి నడిపిస్తాం. మెత్తటి చెప్పులు కావాలి, వెనక పట్టీ ఉన్నవి. ఉప్పు లేకుండా తిననంటోంది, కొంచెం మీరు చెప్పాలి. మనసు బాలేదు పాపం, మా మాట వినడం లేదు. మీరు పక్కనుంటే తేరుకుంటుంది."

నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచాను.

"చూడ్డానికి వచ్చే వేళలు నాలుగు నుంచి ఆరు" అంది ఆవిడ. "అది బయటివాళ్ళకి లెండి. మీకు వేళాపాళా లేదు. భార్యలు ఎప్పుడైనా రావచ్చు."

చెప్పలేకపోయాను. చాలా సంతోషమండీ అన్నాను. రైలు స్టేషన్ నుంచి ఆసుపత్రికి ఎలా రావాలని అడిగాను. ఏ ట్రామ్ ఎక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక ఏ పక్కకి తిరగాలో ఆవిడ నిదానంగా చెప్పింది. అంతా రాసుకున్నాను.